సైన్యం ఖాళీ చేసిన నేలను శుభ్రం చేసి మళ్లీ వాడుకలోకి తేవడం ఎలా

సైన్యం ఖాళీ చేసిన స్థలం చేతికి రాగానే చాలామంది ముందు చేసే పని బోరింగ్ యంత్రం దింపి మట్టి నమూనాలు తీయించడం. నిజానికి అది నాలుగో పని. మొదట పాత కాగితాలు చూడాలి, తర్వాత స్థలాన్ని ముక్కలుగా గీసుకోవాలి, ఆపైన పేలని మందుగుండు ఏరివేయాలి, నమూనాల వంతు అప్పుడు వస్తుంది. ఈ వరస తప్పితే పోయేది డబ్బొక్కటే కాదు. డ్రిల్లు మొన కింద ఫిరంగి గుండు ఉండొచ్చు.

వెయ్యి ఎకరాల స్థావరమైనంత మాత్రాన వెయ్యి ఎకరాలూ విషమయం కావు. బ్యారక్‌లు, పరేడ్ మైదానం, ఆటస్థలాలు చాలావరకు ఏ గొడవా లేకుండానే తేలిపోతాయి. విషం కొన్ని చోట్లే పోగుపడుతుంది: ఇంధన ట్యాంకుల యార్డు, బండ్లు బాగుచేసే షెడ్డు, బట్టల డ్రైక్లీనింగ్ గది, మంటలు ఆర్పడం నేర్పే గుంట, ఫైరింగ్ రేంజ్ చివరి మట్టికట్ట, పాత మందుగుండు తగలబెట్టిన చోటు, చెత్త పూడ్చిన గోతులు. అందుకే "ఈ స్థలం మంచిదేనా?" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. "ఈ ముక్కలో అప్పట్లో ఏం చేసేవారు, రేపు ఇక్కడ ఏం కట్టబోతున్నాం?" అని ప్రతి ముక్క గురించీ విడిగా అడగాలి.

కాగితాలు, ఫొటోలు, పాత ఉద్యోగులు

దశాబ్దానికి ఒకటి చొప్పున విమానం నుంచి తీసిన ఫొటోలు సంపాదించి పక్కపక్కన పెట్టి చూడండి. గడ్డి మధ్యలో గుండ్రంగా నల్లబడిన చోటు కనిపిస్తే అది మంటల శిక్షణ గుంట కావచ్చు. ఒక ఫొటోలో పొడవాటి గొయ్యి ఉండి, పదేళ్ల తర్వాతి ఫొటోలో అక్కడ చదునైన నేల ఉంటే లోపల ఏదో పూడ్చారు. ఎక్కడికీ పోని దారి ఒకటి పొదల్లో ఆగిపోయిందంటే బండ్లు అక్కడికి వెళ్లి ఏదో పారబోసి వచ్చేవన్నమాట. ఫొటోల మీద ఒక మనిషి పెట్టే వారం రోజులు లక్షల రూపాయల డ్రిల్లింగును తప్పిస్తాయి.

భవనాల నంబర్లతో జాగ్రత్త. స్థావరాల్లో నంబర్లు మధ్యలో మారిపోతుంటాయి. పాత మ్యాపులోని 214, కొత్త మ్యాపులోని 214 ఒకటే అనుకుంటే పెయింట్ షాపుకు బదులు వంటశాల కింద తవ్వుతారు. నంబరుతో పాటు భవనం కొలతలు, దిక్కు కూడా సరిచూసుకోండి.

మనుషుల్ని అడిగేటప్పుడు పెద్ద అధికారుల కంటే స్టోరు గుమాస్తా, ప్లంబరు, ఫైర్ సిబ్బంది ఎక్కువ చెబుతారు. "కాలుష్యం ఉందా?" అనకండి, ఎవరూ ఉందనరు. "వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఎక్కడ పోసేవారు? ఈ సింకు నీళ్లు ఎటు పోయేవి? మంటలు ఆర్పే నురుగు ఏ రోజుల్లో కొట్టేవారు?" అని అడగండి. జవాబులను మ్యాపు మీద గుర్తులుగా పెట్టుకోండి.

అప్పుడు ముక్కలు గీయండి. ఏమీ జరగలేదని కాగితాలు చూపించేవి, అనుమానం ఉన్నవి, ఖాయంగా చెడినవి అని మూడు రంగులు చాలు. శుభ్రంగా తేలిన ముక్కల్ని మిగతా వాటి కోసం ఆపకండి. మూసేసిన స్థావరాల్లో అలాంటి ముక్కల్ని ముందే గుర్తించి ఇచ్చేయడానికి అమెరికా 1992లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఆర్డ్ 1994లో మూతపడితే ఆ మరుసటి ఏడే అందులో ఒక భాగంలో విశ్వవిద్యాలయం తెరిచారు. ఫైరింగ్ రేంజ్‌ల వైపు ఏరివేత మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది.

పేలని మందుగుండు

ఈ పని శిక్షణ, అనుమతి ఉన్న బృందాలదే. కాంట్రాక్టరు మెటల్ డిటెక్టర్ తెచ్చి "మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు. కానీ పని చేయించేవాళ్లకు అది ఎలా సాగుతుందో తెలిసి ఉండాలి, లేకపోతే బిల్లులో ఏముందో, ఏం లేదో పట్టుకోలేరు.

ముందు పొదలు, గడ్డి జానెడు ఎత్తు మిగిలేలా కొట్టించాలి. తర్వాత నేలను 30 మీటర్ల గళ్లుగా విభజించి, లోపల మీటరు లేదా అంతకంటే తక్కువ ఎడంతో వరసలు కట్టి పరికరాన్ని నడిపించాలి. మాగ్నెటోమీటర్ ఇనుమునే పట్టుకుంటుంది. ఇత్తడి, అల్యూమినియం భాగాల కోసం విద్యుదయస్కాంత పరికరం కావాలి. ఎంత లోతు దాకా కనిపిస్తుందన్న దానికి ఒక మోటు లెక్క ఉంది: గుండు వ్యాసానికి సుమారు 11 రెట్లు. అంటే 37 మిల్లీమీటర్ల గుండు 40 సెంటీమీటర్ల లోపు ఉంటేనే దొరుకుతుంది, 105 మిల్లీమీటర్లది మీటరు పైచిలుకు లోతులోనూ దొరకొచ్చు. ఇళ్ల పునాదికి మీటరున్నర తవ్వబోతుంటే ఈ ఒక్క లెక్క చూస్తే చాలు, ఒక్క సర్వేతో పని అయిపోదని అర్థమవుతుంది. పైపొర తీసి మళ్లీ సర్వే చేయాలి.

బృందం పని నాణ్యత తెలియాలంటే వాళ్లకు చెప్పకుండా కొన్ని గళ్లలో డమ్మీ ఇనుప ముక్కలు తెలిసిన లోతులో పాతించండి. ఒక్కటి తప్పిపోయినా ఆ రోజు చేసిన గళ్లన్నీ తిరిగి చేయాలని ఒప్పందంలోనే రాయించండి. ఈ షరతు లేని ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మేలు.

సిగ్నల్ వచ్చిన చోట యంత్రంతో తవ్వితే వస్తువుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఆపేసి, మిగతాది చేత్తో పక్క నుంచి తీస్తారు. పై నుంచి గుచ్చరు. తీసినవాటిలో అత్యధికం మేకులు, కంచె తీగలు, గుండ్ల పెంకు ముక్కలే. అందుకే ఆ పెంకు ఇనుమును పాత సామాన్ల కొట్టుకు పంపేముందు ఇద్దరు వేర్వేరుగా చూసి, ఖాళీదని సంతకం పెట్టి, డ్రమ్ముకు సీలు వేయాలి. తుక్కు యార్డులో జరిగే పేలుళ్లకు మూలం తరచూ ఈ చిన్న నిర్లక్ష్యమే.

పని చెడేది ఎక్కడంటే: ఇనుము ఎక్కువున్న నల్లరాతి నేలలో పరికరం అంతటా మోగుతుంది, దట్టమైన చెట్ల కింద జీపీఎస్ స్థానం తప్పు చూపిస్తుంది, కరెంటు తీగల కింద సిగ్నల్ గజిబిజి అవుతుంది. అమెరికా నౌకాదళం బాంబుల సాధనకు వాడిన, హవాయిలోని కహోఓలావే దీవి సంగతి చూడండి. ఏరివేతకు 40 కోట్ల డాలర్లు కేటాయించారు. 2004లో పని ముగిసేసరికి ఉపరితలంలో నాలుగింట మూడు వంతులు శుభ్రమైంది గానీ, 4 అడుగుల లోతు దాకా శుభ్రమైంది దీవిలో సుమారు పదో వంతే. కాబట్టి "మొత్తం తీసేశాం" అనే సర్టిఫికెట్ ఎవరిచ్చినా నమ్మవద్దు. "ఈ లోతు దాకా, ఈ పరిమాణం పైన ఉన్నవి" అని రాసి ఉంటేనే అది సర్టిఫికెట్. కట్టడం పనిలో కూలీలకు మూడు మాటలు నేర్పించండి: గుర్తుపట్టు, ముట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి రా, చెప్పు.

మట్టి నమూనాలు తీసే పద్ధతి

పేలుడు పదార్థం మట్టిలో పులుసులో ఉప్పులా కలిసిపోదు, రవ్వ రవ్వగా పడి ఉంటుంది. అడుగు దూరంలో తీసిన రెండు నమూనాల్లో ఫలితం వంద రెట్లు తేడా రావడం మామూలే. ఒక చెంచాడు మట్టితో ఎకరం గురించి తీర్పు చెప్పకండి. ఒక ముక్క మొత్తం మీద క్రమమైన ఎడంతో 30 నుంచి 100 చోట్ల చిన్న చిన్న మోతాదులు తీసి ఒకే సంచిలో కలపండి. మొత్తం కిలో నుంచి రెండు కిలోలు రావాలి. అదే ముక్కలో వేరే చోటు నుంచి మొదలుపెట్టి ఇంకో రెండుసార్లు తీయండి. మూడు సంచుల ఫలితాలు దగ్గర దగ్గరగా వస్తే నమ్మొచ్చు.

ల్యాబులో ఆ మట్టిని గాలికి ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పిండిలా నూరి, పలుచగా పరిచి, అనేక చోట్ల నుంచి గిల్లి 10 గ్రాములు తీసుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2006లో తెచ్చిన 8330బి పద్ధతి ఇదే. సీసా మూత తీసి పై నుంచి 2 గ్రాములు తీసుకునే ల్యాబుకు పంపితే స్థలంలో పడ్డ శ్రమంతా వృథా. ఇంకో చిక్కు: ఉక్కు మరలో నూరితే క్రోమియం మట్టిలోకి దిగుతుంది. లోహాల పరీక్షకు వేరే నమూనా పెట్టుకోండి.

మందుగుండు కడిగిన నీళ్లు నిలిచిన గుంటల్లో మాత్రం ముందే ఒక జాగ్రత్త అవసరం. మట్టి బరువులో పేలుడు పదార్థం 10 శాతం దాటితే ఆ మట్టిని కూడా పేలేదిగానే చూడాలి. అక్కడికక్కడే చేసే రంగు పరీక్ష ఉంది: మట్టిని అసిటోన్‌లో కలిపి క్షారం వేస్తే టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ఉన్నచోట ఎర్రబడుతుంది. ముదురు రంగు తేలితే దాన్ని ఆరనివ్వవద్దు, నూరవద్దు, మామూలు కొరియర్‌లో పంపవద్దు. తడిపి ఉంచి నిపుణులను పిలవండి.

టీఎన్‌టీ మట్టికి పేడ వైద్యం

ఖరీదైన కొలిమిలో కాల్చకుండానే ఈ మట్టిని బాగుచేయొచ్చు. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలోని యుమటిల్లా సైనిక డిపోలో 1990లలో కంపోస్టు పద్ధతితో చేసి చూపించారు. అక్కడి పాళ్లు ఘనపరిమాణం లెక్కన: చెడిన మట్టి 30 శాతం, పశువుల పేడ 21, అల్ఫాల్ఫా పచ్చిగడ్డి 18, రంపపుపొట్టు 18, బంగాళదుంప వ్యర్థాలు 10, కోళ్ల ఎరువు 3. మీ దగ్గర అవే దొరకాలని లేదు. గాలి ఆడనిచ్చేది ఒకటి, నత్రజని ఇచ్చేది ఒకటి, తేలిగ్గా కుళ్లే పిండిపదార్థం ఒకటి ఉంటే చాలు.

కుప్పలు పొడవాటి వరసలుగా, కింద కాంక్రీటో తారో వేసిన చదును మీద, పైన కప్పుతో వేయాలి. వాన పడితే రసం కారి మళ్లీ భూమిలోకే పోతుంది. యంత్రంతో తరచూ తిరగేయాలి. మధ్యలో చెయ్యి పెట్టలేనంత వేడి, సుమారు 55 డిగ్రీలు, రావాలి. మూడో రోజుకీ వేడెక్కకపోతే సాధారణంగా కారణం రెండింటిలో ఒకటి. పిడికెడు తీసి గట్టిగా పిండండి: చుక్క కారితే తడి ఎక్కువై గాలి ఆడడం లేదు, రంపపుపొట్టు కలపండి. పొడిగా రాలిపోతే నీళ్లు చల్లండి. రెండూ కాకపోతే పేడ పాతబడి సారం పోయి ఉంటుంది.

యుమటిల్లాలో టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ అనే మరో పేలుడు పదార్థం రెండూ కిలోకు 30 మిల్లీగ్రాముల లోపుకు రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. టీఎన్‌టీ త్వరగా తగ్గుతుంది, ఆర్‌డీఎక్స్ కొంచెం మొండిది, అదే కోవకు చెందిన హెచ్‌ఎమ్‌ఎక్స్ ఇంకా మొండిది. తొలివారం టీఎన్‌టీ ఫలితం చూసి కుప్ప దించేయకండి. ఇంకో సంగతి బడ్జెట్‌లో మరిచిపోతుంటారు: మట్టి మూడో వంతు కూడా లేదు గనక కుప్పకు కావాల్సిన చోటు మీరు తవ్విన గొయ్యి కంటే మూడు రెట్లు.

రేంజ్ మట్టికట్టలో సీసం

గురి బల్లల వెనక కట్టలో తూటాలు ఒకేచోట గుచ్చుకుని గూడు కడతాయి. ముందు మట్టిని ఆరనిచ్చి, 6 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి తూటాలు వేరు చేసి కరిగించేవాళ్లకు అమ్మేయండి. జిగట నేలయితే జల్లెడ మూసుకుపోతుంది, అప్పుడు నీళ్లతో కడిగే పద్ధతి కావాలి. ఈ దుమ్ము పీల్చిన కూలీల రక్తంలోకి సీసం చేరుతుంది. మాస్కు, పనిబట్టలు అక్కడే విడవడం, పని మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి రక్తపరీక్ష తప్పనిసరి.

జల్లెడ దాటిన సన్న సీసాన్ని కదలకుండా చేయడానికి ఫాస్ఫేట్ కలుపుతారు, అది సీసంతో కలిసి కరగని ఖనిజమవుతుంది. ఇక్కడే ఒక బోల్తా ఉంది. తూటాల్లో గట్టిదనం కోసం యాంటిమొనీ, కొన్నిట్లో ఆర్సెనిక్ కలుపుతారు. ఫాస్ఫేట్ వేస్తే సీసం కూర్చుంటుంది గానీ ఆర్సెనిక్ లేచి నీళ్లలోకి పోవచ్చు. సున్నం ఎక్కువైతే యాంటిమొనీ కదులుతుంది. అందుకే పీహెచ్‌ను 6.5కీ 8.5కీ మధ్య ఉంచండి. చిన్న మోతాదుతో పరీక్ష చేసి, మూడు లోహాలనూ నీళ్లలో కొలిచాకే కట్ట మొత్తానికి వేయండి. ఎగిరే మట్టి బిళ్లల్ని తుపాకీతో కాల్చే రేంజ్ అయితే ఆ బిళ్లల ముక్కల్లో తారు పదార్థాలు కూడా ఉంటాయి. సీసం ఒక్కటే చూసి ముగించవద్దు.

ఎంత సీసం మిగిలినా ఫర్వాలేదన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ఇళ్ల మట్టికి అమెరికాలో చాలాకాలం వాడిన కిలోకు 400 మిల్లీగ్రాముల గీతను 2024లో 200కు దించారు. పాత నివేదికలో "పాస్" అని ఉంటే ఏ గీత మీద పాసయిందో చూసుకోండి.

భూగర్భ జలం: ఇంధనం, ద్రావకాలు, నురుగు

పెట్రోలు, డీజిల్ నీటి మీద తేలతాయి. పరీక్ష బావిలో తేలిన నూనె మందం చూసి కంగారుపడకండి, భూమిలో ఉన్న మందం అంతకంటే తక్కువే. ముందు తేలే నూనె తోడేయాలి. తర్వాత నీటిమట్టానికి పైనున్న మట్టిలోకి నెమ్మదిగా గాలి పంపితే సూక్ష్మజీవులే మిగతాది తింటాయి. పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి గాలి ఆపేసి, మట్టిగాలిలో ఆక్సిజన్ గంటగంటకూ ఎంత పడిపోతుందో కొలవండి. పడిపోతుంటే తింటున్నట్లు. కదలకపోతే ఇంధనం అయిపోయి ఉండాలి, లేదా మట్టి మరీ ఎండిపోయి ఉండాలి. బిగుతైన బంకమట్టిలో ఈ పద్ధతి పెట్టకండి.

లోహాల జిడ్డు కడగడానికి వాడిన ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం నీటికంటే బరువు. మునిగి రాతి పగుళ్లలో దాక్కుంటుంది, అక్కడ నుంచి దశాబ్దాలు కారుతుంది. దానికి వంటనూనె లాంటి ఆహారం భూమిలోకి పంపి, ఆక్సిజన్ లేని చోట బతికే జీవుల చేత విడగొట్టిస్తారు. సరైన జాతి లేకపోతే పని మధ్యలో వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతుంది, అది అసలు రసాయనం కంటే చెడ్డది. అమెరికాలో తాగునీటి గీత మొదటిదానికి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే దీనికి 2. అందుకే ప్రతి నివేదికలోనూ ఈ రెండో అంకెను అడిగి చూడండి. అది పెరుగుతూ ఉండిపోతే బయటి నుంచి ఆ జీవుల్ని తెచ్చి కలపాల్సిందే.

మంటల శిక్షణ గుంటల కింద, అక్కడ కొట్టిన నురుగులోని పీఫాస్ అనే రసాయనాలుంటాయి. వీటిని సూక్ష్మజీవుల మీద వదిలేయలేం. నీళ్లను తోడి బొగ్గు వడపోతలో పంపడమే ఇప్పటికి నమ్మకమైన దారి. రెండు ట్యాంకులు వరసగా పెట్టి, మొదటి దాని నుంచి వచ్చే నీటిని పరీక్షిస్తూ, అక్కడ రసాయనం కనిపించగానే బొగ్గు మార్చి ట్యాంకుల వరస తారుమారు చేయాలి. అణువుల గొలుసు పొట్టిగా ఉన్న పీఫాస్ రకాలు ముందే దాటి వచ్చేస్తాయి, వాటినే చూస్తుండండి. ఈపీఏ 2024లో రెండు ముఖ్యమైన రకాలకు పెట్టిన గీత లీటరుకు 4 నానోగ్రాములు. ఇంత చిన్న అంకెకు నమూనా తీసేవాడి వానకోటు, టెఫ్లాన్ టేపు కూడా ఫలితాన్ని చెడగొడతాయి.

రేడియోధార్మిక పదార్థమైన రేడియం గురించి ఒక్క మాట. చీకట్లో మెరిసే పాత విమానపు గడియారాలు, మీటర్లు బాగుచేసిన షెడ్డు ఉంటే రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ తిప్పండి. స్కాట్లాండ్‌లోని డాల్గెటీ బే తీరంలో యుద్ధకాలపు విమానాల డయళ్ల రేడియం రేణువులు 1990లో బయటపడ్డాయి. రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు. పాత భవనాల్లో ఆస్బెస్టాస్, సీసపు రంగులు, పీసీబీ అనే విషపు నూనె ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఉంటాయి. కూల్చకముందే తీయించాలి.

కట్టేటప్పుడు

ప్లాను వేసేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. చెడిన ముక్క మీద పార్కింగు పెట్టి, మంచి ముక్క మీద బడి పెడితే ఖర్చు ఎంతో తగ్గుతుంది. డెన్వర్ పక్కన రసాయన ఆయుధాలు చేసిన రాకీ మౌంటెన్ ఆర్సెనల్‌ను వన్యప్రాణి ఆశ్రయంగా మార్చారు. ఇళ్లకు పనికొచ్చేంత శుభ్రం చేయాల్సిన అవసరం అలా తప్పింది.

ద్రావకాల మచ్చకు దగ్గరలో ఇల్లు కడితే వాటి ఆవిరి లోపలికి రాకుండా గచ్చు కింద 10 సెంటీమీటర్ల కంకర, అందులో చిల్లుల పైపు, పైన ఆవిరి దాటని మందపాటి షీటు, పైకప్పు దాకా గొట్టం, ఫ్యాను ఉండాలి. షీటు పరిచాక కాంక్రీటు పోసేలోపు కింద పొగ వదలండి. ప్లంబరు బూటు తొక్కిన చిల్లు, పైపు చుట్టూ వదిలేసిన సందు అప్పుడే కనిపిస్తాయి. కాంక్రీటు పోశాక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. డ్రైనేజీ గోతుల్లో పోసే కంకర కూడా ఆవిరికి రాచబాట. కొంత దూరానికోసారి బంకమట్టితో అడ్డుకట్ట వేయండి.

మట్టి అక్కడే ఉంచి కప్పాల్సి వస్తే ముందు నారింజ రంగు వల పరిచి, దాని మీద కనీసం 60 సెంటీమీటర్ల మంచి మట్టి పోయండి. ఇరవై ఏళ్ల తర్వాత తవ్వేవాడికి ఆ రంగే హెచ్చరిక. బయటి నుంచి తెచ్చే మట్టిని కూడా పరీక్షించండి. బోర్లు వేయకూడదు, ఫలానా లోతు మించి తవ్వకూడదు అనే షరతులు దస్తావేజులోకి ఎక్కాలి, ఫైలులో ఉంటే చాలదు.

నమూనాలు తీసే కంపెనీని, శుభ్రం చేసే కంపెనీని ఒకటి కానివ్వకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ నౌకాశాలలో మట్టి నమూనాల రికార్డులు తారుమారు చేసినందుకు ఇద్దరు సూపర్‌వైజర్లకు 2018లో జైలుశిక్ష పడింది. ఆ తర్వాత అక్కడ మళ్లీ పరీక్షలు చేయాల్సి వచ్చింది. పదింట ఒక నమూనాను రెండుగా చేసి వేరే ల్యాబుకు పంపడం చిన్న ఖర్చే.

చివరికి మిగిలేవి పరీక్ష బావులు. రోడ్డు వేసేవాళ్లు వాటి మీద తారు పోసేస్తారు, ఇది దాదాపు ప్రతి స్థలంలోనూ జరుగుతుంది. పని మొదలుకాకముందే ప్రతి బావి అక్షాంశ రేఖాంశాలు, లోతు, పైపు పైఅంచు మట్టం రాసి రోడ్డు కాంట్రాక్టరుకు ఇవ్వండి. మూతను కొత్త రోడ్డు ఎత్తుకు లేపించి, లేపాక పైఅంచు మట్టం మళ్లీ కొలవండి. కొలవకపోతే నీటిమట్టం ఒక్కసారిగా మారినట్టు నివేదికలో కనిపిస్తుంది, నీళ్లు ఎటు పారుతున్నాయో తప్పుగా లెక్కిస్తారు.